జేబుల్లో చేతులు

బంతి తన వైపు వస్తోందంటే చాలు, డ్రిల్లు మాస్టారి చేతులు రెండూ ప్యాంటు జేబుల్లోకి వెళ్ళిపోతాయి.

ఎలకలు కలుగులోకి దూరినట్టు వెళ్తాయి. ఆలోచించి చేసే పని కాదు. బంతి ఇంకా గాల్లో ఉండగానే చేతులు జేబుల్లో ఉంటాయి, మొహం ఒక పక్కకి తిరుగుతుంది, కళ్ళు మూసుకుంటాయి. బంతి వచ్చి తగలాల్సిన చోట తగులుతుంది. అప్పుడు కళ్ళు తెరిచి, విజిల్ ఊది, "ఎవడ్రా అది? తీసుకుపో!" అని గద్దిస్తాడు.

చూసేవాళ్ళు దాన్ని దర్జా అనుకున్నారు. వయసులో ఉండగా పెద్ద ఆటగాడై ఉంటాడనీ, ఇలాంటి పిల్లకాయల బంతి ముట్టుకోవడం ఏమిటని జేబుల్లో చేతులు పెట్టుకుంటాడనీ చెప్పుకున్నారు. ఆ మాట ఆయన చెవిన పడింది. ఔననలేదు, కాదనలేదు. ఔనని అబద్ధమాడే ధైర్యం లేదు. కాదని నిజం చెప్పే అవసరం రాలేదు.

నిజం ఏమిటంటే, ఆయనకి బంతి పట్టుకోవడం రాదు.

చిన్నప్పుడు రాలేదు. పెద్దయ్యాక అదే వస్తుందిలే అన్నారు. పెద్దయ్యాక డ్రిల్లు మాస్టారయ్యాడు. చదువూ అంతంతమాత్రమే. పుస్తకం తెరిస్తే అక్షరాలు సంతలో జనంలా అటూ ఇటూ తిరుగుతుండేవి, ఒక్కటీ నిలబడి మాట్లాడేది కాదు. తండ్రి అదే బడిలో గుమస్తా. కొడుకుని వెంటబెట్టుకుని అప్పటి హెడ్మాస్టరు గదికి వెళ్ళాడు.

"వీడికి లెక్కలు రావండి. చదవడం కష్టం. రాస్తే మనం చదవలేం."

"మరి ఏముంది వీడి దగ్గర?"

"గొంతుందండి."

ఆ రోజుల్లో డ్రిల్లు మాస్టారికి అది చాలు. కాలం గడిచింది. బంతి విసరడం ఎవరికైనా వస్తుంది కాబట్టి ఆయన విసిరేవాడు. పట్టుకోవడం పిల్లల వంతు. ఆటలో దిగమని ఎవరైనా అడిగితే, "మాస్టారు ఒక జట్టులో ఆడితే పక్షపాతం అంటారయ్యా" అనేవాడు. ఎంత నిష్పక్షపాతి అని బడంతా మెచ్చుకుంది. గుడ్డిలో మెల్ల అంటే అదే.

అలా పింఛను దాకా గడిచిపోయేదే. చివరి గది టీచరమ్మ వచ్చి పడింది.

వరండా చివర ఒక గది ఉంది. చదువు ఆలస్యంగా అబ్బే పిల్లలు అందులో ఉంటారు. బడి దానికి మర్యాదగా ఒక పేరు పెట్టి తలుపు మీద రాయించింది. ఆ పేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ చివరి గది అనే అంటారు. ఆ పిల్లలకి ఏడు అంకె తిరగబడి కనిపిస్తుంది, నిన్న చదివిన మాట ఇవాళ కొత్త చుట్టంలా ఉంటుంది. టీచరమ్మ చిన్నది. నోరు మాత్రం చిన్నది కాదు.

"మాస్టారూ, మా పిల్లలకి మీ పీరియడు ఒకటి కావాలి."

"మీ పిల్లలకి రానిది చదువు కదమ్మా? నా దగ్గర చదువు లేదు. ఊళ్ళో ఎవరినైనా అడుగు."

"చదువు సంగతి నేను చూసుకుంటాను. వాళ్ళకి ఒంటికాలి మీద నిలబడటం రాదు. గుండీ పెట్టుకోవడం రాదు. పక్కన తలుపు తెరిచే ఉంటుంది, గోడలోంచి వెళ్ళబోతారు. ఒకడైతే కుర్చీలో కూర్చునే పడిపోతాడు."

"కూర్చుని ఎలా పడతాడమ్మా?"

"వచ్చి చూడండి."

ఆయన వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. బొద్దుగా ఉన్న కుర్రాడొకడు ఆయన్ని చూసి, నమస్కారం పెట్టబోయి, కుర్చీతో సహా కింద పడ్డాడు.

"ఇతనే" అంది టీచరమ్మ, పరిచయం చేస్తున్నట్టు.

వాడి పేరు బుల్డోజర్. తోటి పిల్లలు పెట్టిన పేరే. వాడికి చాలా నచ్చింది. వాడి వెనకాల సన్నగా, పొడుగ్గా ఒక పిల్ల. ఆ పిల్లని కొంగ అంటారు. కొంగ ఒంటికాలి మీద నిలబడుతుంది, ఈ పిల్ల నిలబడలేదు, అందుకని. పిల్లల హాస్యం పెద్దల హాస్యం కంటే ఏమీ మెరుగు కాదు.

మాస్టారు ఒప్పుకున్నాడు. దయతో ఏం కాదు. మధ్యాహ్నం ఎండలో మైదానంలో మాడటం కంటే వరండాలో నీడ ఉంది.

మొదటి రోజు వరండా పొడుగునా సుద్దముక్కతో గీత గీశాడు.

"ఇది గోడ. సన్నటి గోడ. దీని మీద నడవాలి."

"పడితే?" అన్నాడు బుల్డోజర్. వాడికి అది ముఖ్యమైన ప్రశ్న.

"గోడకి ఈ పక్కన హెడ్మాస్టారి కాఫీ ఉంది. ఆ పక్కన లెక్కల మాస్టారి కాఫీ ఉంది. కాలు జారితే కాఫీలో పడుతుంది. కాఫీ ఒలికితే ఏమవుతుందో మీకు తెలుసు."

తెలుసు. పిల్లలు ఊపిరి బిగబట్టి నడిచారు. బుల్డోజర్ ఆ వారమంతా హెడ్మాస్టారి కాఫీలో ఈతకొట్టాడు. తర్వాత మడమలు మాత్రమే తడిశాయి. తర్వాత ఒకరోజు పొడిగా వచ్చేశాడు.

ఒంటికాలికి ఇంకో పద్ధతి. "గోడకి చెయ్యి అప్పివ్వండి" అనేవాడు. గోడకి అరచెయ్యి ఆనించి ఒక కాలు ఎత్తాలి. కొన్నాళ్ళకి "చెయ్యి వెనక్కి తీసుకుని వేలు మాత్రం ఉంచండి, మరీ అంత అప్పు మంచిది కాదు." ఇంకొన్నాళ్ళకి ఆ వేలూ వెనక్కి. తన చేతులు తన మాట విననివాడికి, వినని కాళ్ళని ఎలా బుజ్జగించాలో కొంచెం తెలుసు. ఎవరినీ తొందరపెట్టలేదు. ఒక మధ్యాహ్నం కొంగ వేలు తీసేసి నిలబడింది. నిలబడ్డానని గ్రహించి నవ్వింది. నవ్వి పడింది. పడి కూడా నవ్వుతూనే ఉంది.

ఆ పీరియడులో టీచరమ్మ టీచర్ల గదిలో కూర్చుని, రోజంతటిలో వేడిగా దొరికే ఒక్క టీ తాగేది. కిటికీలోంచి కనిపించినంత మేరకి అంతా బాగానే ఉంది.

కనిపించనిది బంతి.

పట్టుకోవడం నేర్పాల్సిన రోజు రానే వచ్చింది. నేర్పేవాడు ముందు చేసి చూపించాలి. బుల్డోజర్ ఉత్సాహంగా విసిరాడు. మాస్టారి చేతులు జేబుల్లోకి, మొహం పక్కకి, కళ్ళు మూత. బంతి పొట్ట మీద ధబ్బున తగిలి కింద పడింది.

పిల్లలు ఆయన వంకే చూస్తున్నారు. నవ్వడం లేదు. నేర్చుకుంటున్నారు.

అక్కడ ఆయన నోరు జారింది. "చూశారా? ఇదే పద్ధతి" అన్నాడు. "ముందు పొట్ట. తర్వాత వంగి చెయ్యి."

అడుసు తొక్కాడు. కాలు కడుక్కుందాంలే అనుకున్నాడు. కానీ ఆ పిల్లలు అంతకుముందు ఏ విద్యా ఇంత తొందరగా పట్టుకోలేదు, ఇంత గట్టిగా పట్టుకోలేదు. బంతి రాగానే వరసగా అందరి చేతులూ జేబుల్లోకి. మొహాలన్నీ ఎడమ పక్కకి, ఎందుకంటే ఆయన ఎడమ పక్కకే తిరిగాడు. ధబ్బు. వంగడం, తీసుకోవడం. ఎవరూ తప్పలేదు, ఒక్క కొంగ తప్ప. ఆ పిల్ల గౌనుకి జేబుల్లేవు. చేతులు గౌను పక్కల తడుముకుంటూ కిందికి జారిపోయేవి. బంతి తగిలేలోపు చోటు దొరికేది కాదు. ఆ పిల్ల ఏడ్చింది.

తర్వాతి వారం గౌనుకి రెండు జేబులతో వచ్చింది. కొంగ నాన్న దర్జీ. ఒక జేబు పూల గుడ్డతో, ఒకటి చారల గుడ్డతో కుట్టాడు. రెండింట్లోనూ చేతులు దోపుకుని జమీందారులా నిలబడి, "ఇప్పుడు విసరండి మాస్టారూ" అంది.

ఆ క్షణంలో ఏదో ఒకటి చెప్పాల్సింది.

"జేబులు బాగున్నాయి" అన్నాడు.

ఇలా ఉండగా లెక్కల మాస్టారి కన్ను ఆ పీరియడు మీద పడింది. ఆయన ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. లెక్కపెట్టడం వృత్తి కూడా. హెడ్మాస్టారి దగ్గర చేరి, "సార్, ఎక్కాలు రాని పిల్లలకి గెంతులెందుకు? ఆ పీరియడు నాకివ్వండి. గెంతే పిల్లలు కోతులవుతారు, ఎక్కాలు వచ్చిన పిల్లలు గుమస్తాలన్నా అవుతారు" అన్నాడు. టీచరమ్మ ఆయనకి ఎదురునిలిచి పోట్లాడింది. హెడ్మాస్టారు గోడ మీద పిల్లి. ఎటూ దూకకుండా ఒక మార్గం కనిపెట్టాడు. పిల్లల చేతులూ కాళ్ళూ ఎలా కదులుతున్నాయో పరీక్షించే డాక్టరమ్మ ఒకామె ఉంది. ఆమె వచ్చి చూస్తుంది. మెరుగు కనిపిస్తే పీరియడు ఉంటుంది. లేకపోతే ఎక్కాలు.

పిల్లలకి సంగతి తెలిసింది. కొంగ మాస్టారి పక్కకి వచ్చి, "పీరియడు తీసేస్తారా?" అంది.

"ఎవరన్నారు?"

"లెక్కల మాస్టారు. రోజంతా కూర్చోబెడతారట."

"కూర్చుంటే నాకు ప్రమాదం" అన్నాడు బుల్డోజర్.

మాస్టారు విజిల్ ఊదాడు. చెప్పడానికి ఏమీ లేనప్పుడు విజిల్ చాలా ఉపయోగం.

డాక్టరమ్మ వచ్చింది. నెరిసిన జుట్టు, చేతిలో గుడ్డ సంచి, సంచిలో ఒక పసుపు రంగు బంతి. పెద్ద హాల్లో ఒక గోడ పక్కన హెడ్మాస్టారు, లెక్కల మాస్టారు, టీచరమ్మ కూర్చున్నారు. ఎదురుగోడ పక్కన కుర్చీల్లో పిల్లలు. డ్రిల్లు మాస్టారు నిలబడే ఉన్నాడు.

ముందు గీత. బుల్డోజర్ నాలుక బయటపెట్టి, చేతులు చాచి, చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి, "ఒక్క చుక్క కూడా ఒలకలేదు!" అని అరిచాడు.

"ఏమిటి ఒలకనిది?" అన్నాడు హెడ్మాస్టారు.

"మీ కాఫీ సార్."

హెడ్మాస్టారు తన ముందున్న బల్ల వంక చూసుకున్నాడు. కాఫీ లేదు. ఆయనకి అర్థం కాలేదు. డాక్టరమ్మ మాత్రం నవ్వు ఆపుకుంటూ ఏదో రాసుకుంది. తర్వాత ఒంటికాలు. కొంగ నిలబడింది. ఈసారి నవ్వలేదు కాబట్టి పడలేదు. టీచరమ్మ మొహం వెలిగింది. లెక్కల మాస్టారు ఈగని తోలుతున్నట్టు చెయ్యి ఆడించాడు. అక్కడ ఈగ లేదు.

డాక్టరమ్మ సంచిలోంచి బంతి తీసింది.

బుల్డోజర్. చేతులు జేబుల్లోకి, మొహం ఎడమకి, కళ్ళు మూత. ధబ్బు.

తర్వాతి పిల్ల. ధబ్బు. ఆ తర్వాతివాడు. ధబ్బు. డాక్టరమ్మ ప్రతిసారీ ఇంకొంచెం మెల్లగా, ఇంకొంచెం దగ్గరగా విసిరింది. ఏం తేడా రాలేదు. చివరికి కొంగ. పూల జేబులో ఒక చెయ్యి, చారల జేబులో ఒక చెయ్యి. బంతి పొట్టకి తగిలింది. కొంగ కళ్ళు తెరిచి మాస్టారి వైపు చూసి నవ్వింది. అంతా చెప్పినట్టే చేసింది మరి.

"నేను చాలామంది పిల్లల్ని చూశాను" అంది డాక్టరమ్మ. "జారవిడిచేవాళ్ళుంటారు, భయపడేవాళ్ళుంటారు, ఏడ్చేవాళ్ళుంటారు. ఒక తరగతి తరగతంతా ఒకే పక్కకి మొహం తిప్పడం ఇదే చూడటం. వీళ్ళకేమైంది?"

"చెప్పానా సార్!" అన్నాడు లెక్కల మాస్టారు.

హెడ్మాస్టారు జాలిగా తలూపాడు. "వాళ్ళంతేనండీ. మా మాస్టారు పాపం ఎంత కష్టపడినా, రాతికి రాగం నేర్పినట్టే. ఏమంటారు మాస్టారూ?"

మంచి మాట. మర్యాదైన మాట. మాస్టారు చేయాల్సిందల్లా ఒక్కసారి తలూపడం. పీరియడు పోతుంది, పరువు ఉంటుంది. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళు లోకంలో కోకొల్లలు. వాళ్ళలో ఎవరికీ పింఛను ఆగలేదు. ఆయన తల సగం దాకా ఊగింది కూడా.

"మాస్టారూ" అంది కొంగ. "నేను సరిగ్గా పట్టలేదా?"

తల ఆగింది.

"సరిగ్గానే పట్టావమ్మా" అన్నాడు. మెడలోంచి విజిల్ తీసి బల్ల మీద పెట్టాడు. హాలు మధ్యకి నడిచి, "డాక్టరమ్మా, ఆ బంతి ఇటు విసరండి" అన్నాడు.

"మీకా?"

"నాకే."

ఆమె పిల్లలకి విసిరినట్టే మెల్లగా విసిరింది. చేతులు బయటే ఉంచుదామని ఆయన గట్టిగా అనుకున్నాడు. చేతులు వినలేదు. జేబుల్లోకి వెళ్ళాయి. మొహం ఎడమకి తిరిగింది. కళ్ళు మూసుకున్నాయి.

ధబ్బు.

బంతి దొర్లుకుంటూ హెడ్మాస్టారి కుర్చీ కిందికి వెళ్ళి ఆగింది.

"మాస్టారు పాస్!" అని బుల్డోజర్ కేక పెట్టాడు. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు.

"నాకు పట్టుకోవడం రాదండీ" అన్నాడు మాస్టారు. "ఎప్పుడూ రాలేదు. వాళ్ళు నన్ను చూసి నేర్చుకున్నారు. మద్దెల బాగానే ఉంది."

"మీరు డ్రిల్లు మాస్టారు కదండీ!" అన్నాడు హెడ్మాస్టారు.

"అదే మొదటి తప్పు. మీకు ముందున్న హెడ్మాస్టరు చేశాడు."

టీచరమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. కోపమో నవ్వో తెలియలేదు. రెండూ అయి ఉండాలి. లెక్కల మాస్టారు లేచి, "రేపట్నుంచి నేనూ ఎక్కాలు మర్చిపోతాను సార్, నాకూ ఒక పీరియడు దొరుకుతుంది" అన్నాడు. ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు.

డాక్టరమ్మ కలం మూసింది. "సిగ్గుగా లేదా మీకు?"

"ఉందండి."

"ఉండాలి. ఇంతమందికి ఒకే తప్పు, ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా నేర్పారు." ఆమె హెడ్మాస్టారి వైపు తిరిగింది. "రాతికి రాగం అన్నారు కదా. రాయి ఇలా నేర్చుకోదు. చూపించిందాన్ని చూపించినట్టు పట్టేశారు. ఆ అమ్మాయి జేబులు చూడండి, ప్రత్యేకంగా కుట్టించుకుంది. తప్పునే ఇంత శ్రద్ధగా నేర్చినవాళ్ళు ఒప్పు నేర్వరని నేనెలా రాస్తాను?"

హెడ్మాస్టారికి దూకడానికి ఒక పక్క దొరికింది. "అయితే పీరియడు ఉంచమంటారా?"

"సెలవుల తర్వాత మళ్ళీ వస్తాను. అప్పటిదాకా ఉంచండి. అప్పటికీ ఇలాగే ఉంటే మీ ఎక్కాలు మీరు చెప్పుకోండి." తర్వాత మాస్టారితో, "బంతి వద్దు. భయమంతా బంతిలోనే ఉంది. గుడ్డముక్కలు విసురుకోండి, మెల్లగా దిగుతాయి. ముందు కళ్ళు, ఆ తర్వాతే చేతులు. మీరు కూడా పిల్లల వరసలో నిలబడాలి."

"నేను వరసలో నిలబడితే విసిరేదెవరండీ?"

"నేను!" అని బుల్డోజర్ రెండు చేతులూ ఎత్తాడు, కుర్చీలోంచి పడ్డాడు.

సాయంత్రం మాస్టారు ఇంటికి వెళ్ళాడు. భార్య టీ గ్లాసు తెచ్చి, ఎప్పటిలాగే, ఆయన అరచెయ్యి తెరిచి అందులో పెట్టి, వేళ్ళు చుట్టూ మూసింది. ఆయన ఆ చేతి వంక చూశాడు.

"నీకు తెలుసా?"

"ఏది?"

"నాకు పట్టుకోవడం రాదని."

"భలేవారే. కాపురానికొచ్చినప్పట్నుంచి సబ్బు గానీ తాళాలు గానీ తువ్వాలు గానీ ఒక్కటైనా మీకు విసిరానా?"

"కోపమొచ్చినప్పుడు గిన్నెలు విసిరావుగా."

"గోడకి విసిరాను. మీ మీదకి విసిరితే మీకో సొట్ట, గిన్నెకో సొట్ట. గోడకైతే ఒక్కటే."

ఆయన హాల్లో జరిగిందంతా చెప్పాడు. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. కొంగ జేబుల దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపింది.

"రేపు ఆ పిల్లల ముందు నిలబడాలి" అన్నాడు. "ఈ చేతులు నా మాట వినవు. బంతి అయినా గుడ్డ అయినా జేబుల్లోకే పోతాయి."

"కలుగు మూసేస్తే ఎలక ఏం చేస్తుంది?" అని ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే, కొంగ నాన్న దుకాణం తెరవకముందే, ఆయన వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. దర్జీ వచ్చాడు, తాళం తీశాడు, విన్నాడు, మళ్ళీ చెప్పమన్నాడు.

"చినిగిన జేబులు కుట్టించుకున్నవాళ్ళని చూశాను మాస్టారూ. నిక్షేపంలా ఉన్న జేబులు మూయించుకునేవాళ్ళని చూడలేదు."

"ఇప్పుడు చూడు. సాయంత్రం మీ అమ్మాయి గౌను జేబులూ మూసెయ్యి."

"మళ్ళీనా? జేబుల్లేకపోతే బంతి రాదని మీరే అన్నారట!"

"తప్పు చెప్పాను."

"మూస్తే వస్తుందా?"

"తెలీదు."

"ఏం మాస్టారండీ మీరు" అన్నాడు దర్జీ. కొలతలు తీసుకునే మూల ఒక తెర ఉంది. దాని వెనక ప్యాంటు విప్పి ఇమ్మన్నాడు. మాస్టారు తెర పైనుంచి అందించి, చొక్కాతో, లాగుతో, బూట్లతో నిలబడ్డాడు. కుట్టుమిషను గడగడలాడింది. కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలు ఉంటే ఒక సంచిలో వెయ్యమని తెర వెనకనుంచే అడిగాడు. దర్జీ ఎందుకని అడగలేదు. ఇవాళ్టికి అడిగింది చాలనుకున్నాడు.

మిషను ఆగింది.

"పట్టుకోండి మాస్టారూ!"

ప్యాంటు తెర మీదుగా లేచింది. మాస్టారి చేతులు రెండూ ఎప్పటిలా తొడల పక్కకి వెళ్ళాయి. జేబులు లేవు. ప్యాంటే లేదు. చేతులు కాసేపు అక్కడ వెతుక్కుని, ఏమీ దొరక్క, ఆలస్యంగా పైకి లేచాయి. అప్పటికే ప్యాంటు వచ్చి మొహాన్ని కప్పేసింది. కళ్ళు తెరిచే ఉన్నాయి కాబట్టి నడుము గుండీ సరిగ్గా ఒక కంట్లో తగిలింది.

"పట్టుకున్నారా?" అన్నాడు దర్జీ.

"చూశాను" అన్నాడు మాస్టారు తెర వెనకనుంచి.

ప్యాంటు తొడుక్కుని, భుజాన గుడ్డముక్కల సంచి వేసుకుని, ఒక కన్ను ఎర్రగా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఊపుకుంటూ బడికి వెళ్ళాడు.